సరంగు తాత పోటు

మట్టి కూడా కడగని పచ్చి అల్లం కొమ్ము ఒకటి ఈ కుడిచేతిలో పట్టుకొని, తూర్పు దిక్కుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. (అల్లం చేతబట్టి అబద్ధమాడితే ఆ ఏడు చేను మొత్తం కుళ్లిపోతుందని మా జహీరాబాద్ దిక్కు ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని నేను ఇప్పుడే పుట్టించాననుకోండి, అయినా గట్టిదే.)

ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యవ దశకం చివర్లో, మా ఇంటి చుట్టుపక్కల సముద్రాన్ని కళ్లారా చూసినవాడు ఒక్కడే ఉండేవాడు. బొంబాయి లారీ మీద క్లీనరుగా పోయొచ్చిన మా మేనమామ. "సముద్రం ఎట్లుంటది మామా?" అని అడిగితే, బీడీ ఆర్పి, చాలాసేపు ఆలోచించి, "తడిగుంటది" అనేవాడు. నాకు మాత్రం సముద్రం గురించి అంతకన్నా ఎక్కువే తెలుసు. నేను చదివింది ఉర్దూ మీడియం. మా జుగ్రాఫియా (భూగోళం) సారు చేతిలో వేపబెత్తం, నోట్లో పాన్ పెట్టుకొని 'మద్ ఓ జజర్' అనే పాఠం చెప్పిండు. చంద్రుడు లాగితే సముద్రం పొంగుతుంది, వదిలితే దిగుతుంది అని దాని సారం. మాకు సారంతో పనిలేదు. పొల్లుపోకుండా అప్పజెప్పకపోతే బెత్తం, అంతే. నేను అప్పజెప్పాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. సముద్రానికి నాకూ ఉన్న సంబంధం అంతటితో తీరిపోయిందనుకున్నాను.

తీరలేదు. ఉద్యోగాల ఆఫీసులో పేరు రాయించుకున్న మూడేళ్లకు ఒక కార్డు వచ్చింది, 'సర్వే పనికి టెంపరరీ మనిషి కావాలి' అని. సర్వే అంటే నాకు తెలిసింది ఒక్కటే. రాయికోడ్ పట్వారి పొలాలు కొలిచేటప్పుడు గొలుసు రెండో కొస పట్టుకొని నిలబడటం. ఆ విద్యలో నాకు నాలుగు ఎండాకాలాల అనుభవం ఉంది. సంతోషంగా పోయాను. తీరా పోయాక తెలిసింది, కొలవాల్సింది భూమిని కాదు, తూర్పు తీరంలో ఒక చిన్న దీవి చుట్టూ ఉన్న సముద్రం అడుగునట. ఇంటికొచ్చి చెబితే మా నాయిన అల్లం చేన్లో గడ్డపార ఆపి నన్ను కిందికీ మీదికీ చూసిండు.

"సముద్రం ఎట్ల కొలుస్తర్రా? గొలుసేస్తె మునుగదా?"

"మిషన్ ఉంటది నాయినా. చప్పుడు చేస్తే అడుగుకు తాకి వాపస్ వస్తదంట. మనం ఎండిన బాయిల 'ఓ' అని అరిస్తే వస్తది గద, గట్ల."

"బాయిల అరిచెటందుకు నిన్ను గంత దూరం పిలిచిన్రా? మన బాయి లేదా?" అన్నడు. మా అమ్మ బాధ వేరు. ఆ దీవిని అక్కడివాళ్లు 'దిబ్బ' అంటారని నేను నోరుజారి చెప్పాను. మా దిక్కు దిబ్బ అంటే పెంటదిబ్బే. "చదివిచ్చి చదివిచ్చి కొడుకును దిబ్బ మీదికి పంపుతున్న" అని వాడకట్టంతా చెప్పుకొని ఏడ్చింది. చివరికి నాయిన ఒక మాట తేల్చి చెప్పిండు: "మూణ్ణెల్లు చూస్త. పక్కా నౌకరి అయితే నీ ఇష్టం. కాలేదనుకో, సప్పుడు చెయ్యక వచ్చి అల్లం తవ్వాలె. మల్ల కార్డులు, ఆఫీసులు అనొద్దు." బస్టాండు హోటల్లో చాయ తాగే నా దోస్తులందరి ముందూ నేను మీసం మీద చెయ్యేసి ఒప్పుకున్నాను. (మీసం అప్పటికి పూర్తిగా రాలేదు. ఉన్నంత మటుకే చెయ్యేశాను.) అమ్మ కన్నీళ్లు తుడుచుకొని ఒక సంచి నిండా శొంఠి, బెల్లం కట్టిచ్చింది, "నీళ్ల మీద చల్లగుంటది బిడ్డా" అని.

దీవి మీద మా పెద్దసారు ఉత్తరాదివాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయనకొక అలవాటుండేది, ఏ మాటైనా చివర రెండోసారి పలికేవాడు. 'గుడ్ గుడ్', 'నో నో', 'చాయ్ లావ్, లావ్'. పొద్దంతా సముద్రం అడుగునుంచి వచ్చే మారుమోత వినీ వినీ ఆయన గొంతు కూడా అట్లా అయిపోయిందని పడవలోవాళ్లు అనేవాళ్లు. అందుకే ఆయనకు 'మారుమోత సారు' అని పేరు. నన్ను చూడగానే మొదటి ప్రశ్న అడిగిండు: "తుమ్ జ్వార్ జాన్తే హో? జాన్తే హో?"

జహీరాబాద్ వాణ్ని పట్టుకొని జవార్ తెలుసా అంటాడేమిటి! పుట్టినప్పటినుంచీ తింటున్నది జొన్నరొట్టెనే. "క్యో నై సాబ్! బచ్‌పన్ సే!" అన్నాను.

"కబ్ ఆతా హై?"

"మాఘ్ మే సాబ్."

ఆయన కనుబొమలు లేచినయి. "కిత్నా ఊంచా? ఊంచా?"

మా చెలకలో జొన్న ఎంత ఎత్తు పెరుగుతుందో చేయెత్తి చూపించాను. "ఆద్మీ సే ఊంచా సాబ్. ఇస్ సాల్ తో ఫస్ట్ క్లాస్!"

మారుమోత సారు నా భుజం తట్టిండు. "గుడ్ గుడ్." హిందీలో జ్వార్ అంటే సముద్రం పొంగు అని నాకు తెలియదు. మనిషికన్నా ఎత్తు లేచే మాఘమాసపు పొంగును చిన్నప్పటినుంచీ చూస్తున్న అనుభవజ్ఞుడు దొరికాడని ఆయన మురిసిపోయిండని కూడా తెలియదు. నా పని అక్కడికక్కడే ఖాయమైంది. ఒడ్డున, పడవలు ఆగే కట్ట పక్కన, నీళ్లలో ఎర్రా తెల్లా చారలు వేసి అంకెలు రాసిన నిలువెత్తు కర్ర ఒకటి పాతి ఉంది. అరగంటకోసారి నీళ్లు ఏ అంకె దగ్గర ఉన్నాయో చూసి రిజిస్టర్లో రాయాలి. పక్కన 'విశేషాలు' అని ఇంకో గడి. "యే టైడ్ పోల్ హై. బహుత్ ఇంపార్టెంట్. ఇంపార్టెంట్," అని చెప్పి ఆయన మరపడవెక్కి వెళ్లిపోయిండు.

టైడ్ అనే ఇంగ్లీషు మాట నేను అంతకుముందు విని ఉంటే ఈ కథే లేదు. నాకు వినబడింది 'టైట్ పోల్'. అంటే బిగువుగా ఉండాల్సిన కర్ర. నా ఉద్యోగం ఆ కర్ర వదులు కాకుండా చూసుకోవడం. ఇందులో అర్థం కానిదేముంది?

మొదటి రోజు పొద్దున్నే చూస్తే నీళ్లు నాలుగో అంకె దగ్గర ఉన్నాయి. రాశాను. అరగంటకు చూస్తే నాలుగు దాటాయి. ఇంకో గంటకు అయిదు. వాన చుక్క పడలేదు, పైన ఏ చెరువూ తెగలేదు, నీళ్లు ఎట్ల పెరుగుతయి? పెరగవు. అంటే కర్ర కుంగుతోంది! ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నా టైట్ పోల్ వదులైపోయింది. ఎవరూ చూడకముందే మోకాళ్లలోతు దిగి, దాని మొదట్లో రాళ్లు పేర్చి, కాలితో తొక్కి బిగించాను. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గడం మొదలైంది. ఇప్పుడు కర్ర పైకి లేస్తోంది! ఇది ఇంకా ఘోరం. కుంగితే నా తప్పు, లేస్తే ఎవరిది? చాలా సేపు నిఘా పెట్టి చూసి, దాని మొదట్లో తిరుగుతున్న ఎండ్రకాయల మీద అనుమానపడ్డాను. అవి కిందనుంచి తవ్వి లేపుతున్నాయని తేల్చుకొని వాటిని కూడా తరిమేశాను. ఇక రిజిస్టర్ సంగతి. కర్ర కదిలినంత మాత్రాన తప్పుడు అంకెలు రాయడానికి నా మనసొప్పలేదు. నిజమైన అంకె మొదట చూసిన నాలుగే కదా. నెల పొడుగునా, అరగంటకోసారి, ముత్యాల్లాంటి అక్షరాలతో, నాలుగు, నాలుగు, నాలుగు అని నింపుకుంటూ పోయాను.

ఇంత పెద్ద నెలలో నాకు తోడు సరంగు తాత ఒక్కడే. ఒడ్డునుంచి మరపడవ దాకా మనుషుల్నీ, కాగితపు చుట్టల్నీ చేరవేసే చిన్న పడవకు ఆయన పెద్ద. ఉప్పునీళ్లలో ఊరి ఊరి ఎండిన చింతకాయలాగుండే మనిషి. నీళ్లు బాగా ఉంటేనే ఆయన పడవ కదులుతుంది, లేకపోతే బురదలో కూర్చుంటుంది. అందుకని రోజూ నీళ్లు నిండగానే నా గుడిసె ముందుకొచ్చి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని, "బాబూ, పోటొచ్చీసింది" అని కేకేసి మరీ వెళ్లేవాడు.

మాకు పోటంటే నొప్పి. తలపోటు, పంటిపోటు, కడుపులో పోటు. చేతులు నడుం మీద పెట్టుకొని చెప్పాడు కనుక కడుపులోదే అని నిర్ధారించుకున్నాను. మొదటిసారి ఉరుక్కుంటూ వెళ్లి శొంఠి, బెల్లం వేసి కషాయం కాచి తెచ్చాను.

"తాగు తాతా. పోటుకు మంచిది."

ఆయన వింతగా చూశాడు. "మీ ఊళ్లో పోటుకి కషాయం తాగుతారేటి బాబూ?"

"చిన్నపిల్లల కాడికెల్లి ముసలోళ్ల దాకా అందరం తాగుతం."

"మరి మీకు సముద్రం నేదు కదేటి?"

"సముద్రానికి దీనికి ఏం సంబంధం తాతా? పోటు ఎవరికైనా వస్తది."

సరంగు తాత ఇదేదో పై ఊళ్లవాళ్ల మర్యాద కాబోలనుకొని, సముద్రం వైపు ఒక దండం పెట్టి గటగటా తాగేశాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. "బాబూ, పోటు. ఇయ్యేళ జోరుగున్నాది." నేను పాపం అనుకొని శొంఠి మోతాదు పెంచాను. కొన్ని గంటలకు ఆయనే "ఆటు మొదలైనాది బాబూ" అని చెప్పి, బురదలో కూర్చున్న పడవ నీడన తోటివాళ్లతో పేకాటకు దిగేవాడు. అది నాకు 'ఆట' అని వినబడేది, కళ్లముందు ఆట జరుగుతూనే ఉండేది, ఇక అనుమానమెక్కడ? మనిషికి నొప్పి తగ్గింది, ఆడుకుంటున్నాడు. మా అమ్మ శొంఠి మహిమ! ప్రభుత్వం జీతమిస్తోంది, 'విశేషాలు' గడి ఖాళీగా ఉంది, దీవి మీద జరిగే విశేషం ఇదొక్కటే. కాబట్టి రోజూ గడియారం చూసి మరీ, ముందు నా చిత్తుపుస్తకంలో, తర్వాత రిజిస్టర్లో రాశాను: 'ఏడూ పదికి సరంగుకు పోటు. కషాయం ఇచ్చాను. ఒంటిగంటా ఇరవైకి తగ్గి ఆట మొదలుపెట్టాడు.' మర్నాడు: 'ఎనిమిదికి సరంగుకు పోటు.' ఆ మర్నాడు: 'ఎనిమిదీ యాభైకి. నొప్పి జాస్తి.'

నెలాఖరుకు మారుమోత సారు పటం గీయడానికి కూర్చున్నాడు. ఆ పని ఎట్లాగంటే, మరపడవ దీవి చుట్టూ నాగటిసాళ్లలా నిలువుగా కొన్నిసార్లు, అడ్డంగా కొన్నిసార్లు తిరుగుతుంది. పడవ అడుగున ఉన్న మిషన్ టక్‌టక్‌మని చప్పుడు కిందికి పంపుతుంది. అది అడుగుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి, ఒక ముల్లు కాగితపు చుట్ట మీద లోతును నల్లగీతగా గీస్తుంది. నిలువు సాలు, అడ్డసాలు కలిసేచోట లోతు ఒక్కటే రావాలి. రాలేదు. పొద్దున ఒక లోతు, సాయంత్రం ఒక లోతు, నడుమెత్తు తేడా. సముద్రం అడుగు పటంలో మెట్లు మెట్లుగా, అచ్చం మా దిగుడుబావిలాగా తయారైంది. నేను ఆయన భుజం మీదినుంచి తొంగిచూసి, "మస్తుగుంది సాబ్" అని కూడా అన్నాను.

ఆయన చెయ్యి చాచాడు. "టైడ్ రిజిస్టర్. రిజిస్టర్."

గర్వంగా ఇచ్చాను. ఆయన ఒక పేజీ తిప్పాడు. రెండు తిప్పాడు. పది తిప్పాడు. ఆ మొహంలో రక్తం దిగిపోవడం నేను ఆటు అంటే ఏమిటో తెలియక ముందే చూశాను.

"చార్? సారా మహీనా చార్?"

"జీ సాబ్. ఎంత వదులైనా నేను టైట్ ఉంచిన సాబ్. ఎండ్రకాయలను గూడ రానియ్యలే," అని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

తర్వాత అరగంట ఏం జరిగిందో వివరంగా రాస్తే నా పరువు పోతుంది. ఆయన వేలు పెట్టి సముద్రం చూపించాడు, ఆకాశం చూపించాడు, చంద్రుడి పేరు చెప్పాడు. చంద్రుడి మాట వినబడగానే నా వీపు మీద వేపబెత్తం పడ్డట్టయింది. "అరే! మద్ ఓ జజర్!" అని అరిచాను. నాకు బాగా తెలిసిన సముద్రం, మార్కులు కూడా తెచ్చిపెట్టిన సముద్రం, ఉర్దూలో ఉండిపోయింది. ఇక్కడ ఒకరు దాన్ని జొన్నలంటే, ఒకరు బిగువంటే, ఒకరు కడుపునొప్పి అంటే నేనెట్లా గుర్తుపట్టేది? కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. నీళ్లు ఎప్పుడు ఎంత లేచాయో తెలియకపోతే ఆ నెలరోజుల లోతులన్నీ చిత్తు కాగితాలే. మర్నాడే ఆయన పటంతో పెద్దాఫీసుకు పోవాలి. నా నౌకరి సంగతి చెప్పనక్కర్లేదు. నా కళ్లముందు అల్లం చేను, గడ్డపార, బస్టాండు హోటల్లో దోస్తుల పళ్లు, వరసగా కనబడ్డాయి.

సరిగ్గా అప్పుడే ఆయన వేలు 'విశేషాలు' గడి మీద ఆగింది. "యే క్యా లిఖా హై? క్యా లిఖా హై?"

తలవంచుకొని హిందీలో చదివి వినిపించాను. ఏడూ పదికి సరంగుకు కడుపునొప్పి. మర్నాడు ఎనిమిదికి. ఆ మర్నాడు ఎనిమిదీ యాభైకి. నేను చదివినకొద్దీ ఆయన ముందుకు వంగాడు. రోజూ ముప్పావుగంట, కాస్త అటూ ఇటూగా వెనక్కి జరుగుతూ, నెలరోజులు తప్పకుండా వచ్చిన కడుపునొప్పి!

"సరంగ్ కో బులావ్! బులావ్!"

సరంగు తాత పేకముక్కలు చేతిలో పట్టుకొనే వచ్చాడు. "నీకు కడుపులో నొప్పి ఉందా తాతా?" అని నేనే అడిగాను.

"నాకా? ఎవుడన్నాడు? గుండ్రాయినాగున్నాను!"

"మరి రోజూ పోటు పోటు అంటివి?"

ఆయన సముద్రం వైపు తిరిగి, నా వైపు తిరిగి, అప్పటికి అర్థమై, ముక్కలు కింద పడిపోయేలా నవ్వాడు. "ఓలమ్మో! పోటు దానికి బాబూ, దానికి! నాకు కాదు! అయితే ఇన్నాళ్లూ నాకు మందేసినావేటి?"

మారుమోత సారు లేచి ఆ ముసలాయన్ని కావలించుకున్నాడు. నీళ్లు నిండిన వేళలు, తగ్గిన వేళలు నిమిషాలతో సహా దొరికాయి. ఎత్తులేమో దగ్గరి రేవు అచ్చు పట్టికల్లోంచి అందాజుగా తీసి ఆ రాత్రికే సరిచేశారు. పటంలో మెట్లు మాయమై అడుగు నున్నగా, ఉన్నదున్నట్టుగా పరుచుకుంది. సారు నా భుజం తట్టి, "పర్మనెంట్. పర్మనెంట్," అన్నాడు.

ఇక అల్లం కొమ్ము కింద పెడుతున్నాను, ఒక విషయం ఒప్పుకోవాలి.

జొన్నల సంగతి నిజం. టైట్ పోల్ నిజం, ఎండ్రకాయలు నిజం, కషాయం నిజం. నేను కల్పించింది ఒక్కటే. మారుమోత సారు వేలు ఆ గడి మీద ఆగలేదు. నాలుగులు చూశాక ఆయన రిజిస్టర్ మూసేశాడు. తిట్టలేదు కూడా. "గో హోమ్," అన్నాడు, కాసేపాగి మెల్లగా, "గో హోమ్." సరంగు తాతే నన్ను అవతలి ఒడ్డుకు దింపాడు. పోటు మీదే పోవాలి కనుక అదొచ్చేదాకా ఇద్దరం కూర్చున్నాం. మిగిలిన శొంఠి ఆయనకే ఇచ్చేశాను, అది దేనికి ఇస్తున్నానో కూడా ఆయనకు తెలియదు.

ఆ గడిలో ఏముందో నాకు తట్టింది చిరాగ్‌పల్లి దగ్గర. హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులో నిద్రపోయి, మా స్టాపు దాటిపోయి, అక్కడ దింపేస్తే రోడ్డు పక్కన కూర్చొని నా చిత్తుపుస్తకం తిరగేశాను. ఏడూ పది, ఎనిమిది, ఎనిమిదీ యాభై. వెనకనుంచి బొంబాయి లారీలు హారన్లు కొడుతున్నాయి, నేను ఒక్కణ్నే పిచ్చివాడిలా నవ్వుతున్నాను. మర్నాడే ఆ పుస్తకాన్ని పోస్టులో పంపి, పోటు అంటే ఏమిటో పక్కన ఉర్దూలో, హిందీలో రాశాను. ఉద్యోగం అడగలేదు. (అడిగాను. చివరి వాక్యంలో అడిగాను.) చాలా నెలలకు ఒక కార్డు వచ్చింది. అందులో ఉన్నవి రెండే మాటలు: 'గుడ్. గుడ్.' ఉద్యోగం మాట లేదు. కానీ ఆ పటంలో ఎక్కడో సరంగు తాత కడుపునొప్పి ఉందని నేను అప్పటినుంచీ నమ్ముతున్నాను.

మా నాయిన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గడ్డపార నా చేతికిచ్చి, రెండు సాళ్లు తవ్వేదాకా చూసి, అప్పుడడిగాడు: "అవునుగని, ఎంత లోతుందిరా సముద్రం?"

"ఎన్ని గంటలకు అడుగుతున్నవు నాయినా?" అన్నాను.

ఆయన నా మొహం చూసి, "జర నీడకు కూసో" అన్నడు.

ఇప్పుడు నాకు మోకాళ్లలో పోటు వస్తోంది. వచ్చినప్పుడల్లా అలవాటుకొద్దీ గడియారం చూసి గోడ మీది క్యాలెండరులో రాసుకుంటాను. మర్నాడు ముప్పావుగంట ఆలస్యంగా వస్తుందేమోనని కూర్చొని చూస్తాను. రాదు, దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. మా ఆవిడ శొంఠి కషాయం తెచ్చి ముందు పెట్టి, "ఏం రాస్తున్నవు?" అంటుంది. "విశేషాలు" అంటాను.